మా చేను కింద రెండు గొట్టాలు

మా ఊళ్లో నెట్ ఎక్కడొస్తుందని ఎవరైనా అడిగితే పదేళ్లుగా ఒకటే జవాబు: డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన, తూర్పు మూల. అక్కడ నిలబడితే రెండు గీతలు. కూర్చుంటే ఒకటి. మెట్లు దిగితే సున్నా. 2020 లాక్‌డౌన్‌లో నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూ ఆ మూలలోనే ఇచ్చా. పక్కింటి కోడి మధ్యలో రెండుసార్లు కూసింది. అయినా ఉద్యోగం వచ్చింది.

ఈసారి మాత్రం డాబాతో పని జరిగేలా లేదు. ఫిబ్రవరిలో బాపుకి పక్షవాతం వచ్చింది. స్వల్పంగానే అన్నారు డాక్టర్లు. ఎడమ చెయ్యి మాత్రం మాట వినడం లేదు. అమ్మ ఒక్కతే ఆయన్ని లేపాలి, నడిపించాలి, వారానికి రెండుసార్లు గజ్వేల్‌లో ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. మూడు నెలలు ఇంటి నుంచి పని చేస్తానని మా టీమ్ లీడ్‌ని అడిగా. ఆయన కాదనలేదు. కానీ ఒక షరతు పెట్టారు. ‘‘కాల్స్‌లో కట్ అవ్వకూడదు. రెండు వారాలు టైమ్ తీసుకో. నెట్ స్టేబుల్‌గా ఉందని చూపించు. లేదంటే ఆఫీసుకి రావాల్సిందే.’’

అలా ల్యాప్‌టాప్ బ్యాగుతో జేబీఎస్‌లో గజ్వేల్ బస్సెక్కా.

గుట్ట మీద మొదలైన దారి

జేబీఎస్ నుంచి రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటితే ఊపిరి కాస్త తేలికవుతుంది. చెరువు, ఆ తర్వాత ఎర్ర నేలలు, మక్క చేన్లు, అక్కడక్కడా కూరగాయల తోటలు. ప్రజ్ఞాపూర్ చౌరస్తా వచ్చిందంటే గజ్వేల్ వచ్చేసినట్టే. ఇక్కడి దాకా ఫోన్లో 5జీ గుర్తు దర్జాగా వెలుగుతుంది. మెయిన్ రోడ్డు దిగి ఊరి దారి పట్టగానే 4జీ అవుతుంది. ఇంకో రెండు మలుపులు తిరిగితే ఆ గుర్తు కూడా మాయం.

నేను నేరుగా ఊరికి పోకుండా ముందు కోమటిబండ వైపు ఆటో మాట్లాడుకున్నా. గజ్వేల్ పక్కనే ఉంటుంది. 2016 ఆగస్టు 7న ప్రధాని మోదీ మిషన్ భగీరథను ప్రారంభించింది అక్కడే. గుట్ట మీది ట్యాంకుల నుంచి నీళ్లు పల్లానికి దిగి ఊళ్లకు చేరతాయి. కింద నిలబడి చూస్తే ఇదొక మామూలు గుట్ట. కానీ మా ఇంటి నల్లాకీ, మా ఇంటి నెట్ కథకీ మొదలు ఇలాంటి చోటే.

ఎలాగంటారా? నీళ్ల పైపు వేయడానికి కందకం తవ్వాలి. కందకం రోడ్డు పక్కనే పోదు. చేన్ల మీదుగా కూడా పోతుంది. ప్రతి రైతు భూమినీ కొనాలంటే ఏళ్లు పడుతుంది, డబ్బూ చాలదు. అందుకే 2015లో తెలంగాణ శాసనసభ ఒక చట్టం చేసింది. దాని సారం సింపుల్: భూమి రైతు పేరు మీదే ఉంటుంది, దాని కింద పైపు వేసుకునే హక్కు మాత్రం ప్రభుత్వానిది. దీన్నే వినియోగ హక్కు అంటారు. ఇది కొత్త ఆలోచనేం కాదు. పెట్రోలియం పైపుల కోసం కేంద్రం 1962లోనే ఇలాంటి చట్టం తెచ్చింది. నీటి, గ్యాస్ పైపుల కోసం గుజరాత్ 2000లో చేసింది.

అసలు మజా ఏంటంటే, ఎలాగూ కందకం తవ్వుతున్నాం కదా, అందులోనే ఇంకో సన్నని ప్లాస్టిక్ గొట్టం కూడా వేసేద్దాం అనుకున్నారు. రేపు ఆ గొట్టంలోకి ఆప్టికల్ ఫైబర్ తీగ పంపొచ్చు. ప్రధాన పైపుల వెంట అలా వేశారు. టీ-ఫైబర్ అన్న మాట వింటుంటారు కదా, దాని పునాది ఇదే. ఫైబర్ వేయడంలో తీగ ఖరీదు కన్నా తవ్వకం ఖరీదే ఎక్కువ. ఒక్కసారి తవ్వి రెండు పనులు చేసుకోవడాన్ని ఇంజనీర్లు ‘డిగ్ వన్స్’ అంటారు. మా అమ్మ భాషలో చెప్పాలంటే ఒకే పొయ్యి మీద అన్నం, పప్పు.

చెట్టు లేని చోటు

ఇంటికి చేరేసరికి బాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడి చేత్తో దాన్ని ఒత్తుతున్నాడు.

‘‘ఏం బిడ్డా, బస్సు దొరికిందా?’’

‘‘దొరికింది బాపూ. నడుద్దామా కొంచెం?’’

డాక్టరు రోజూ నడవమన్నారు. ఇద్దరం మెల్లగా చేనుకు వెళ్లాం. మా ఇల్లు ఊరి చివర, చేను పక్కనే. గెట్టు నుంచి ఇరవై అడుగుల్లో ఒక చిన్న రాయి పాతి ఉంటుంది. దాని కిందే పైపు. బాపు ఆ రాయి దగ్గర ఆగాడు. ఎప్పుడూ అక్కడే ఆగుతాడు.

‘‘గా యాప చెట్టు ఉంటే నీడకు కూసుందుము’’ అన్నాడు.

ఆ వేప చెట్టు మా తాత పెట్టింది. 2016లో కందకం తవ్వినప్పుడు కొట్టేశారు. చెట్టుకు ఇంత, పోయిన పంటకు ఇంత అని లెక్కగట్టి డబ్బులిచ్చారు. కానీ పైపు పోయే పట్టీలో మళ్లీ చెట్టు పెట్టకూడదు, బోరు వేయకూడదు, ఇల్లు కట్టకూడదు. 1962 నాటి చట్టంలోనూ ఇలాంటి నిబంధనలే ఉన్నాయి. వేళ్లు పైపును పగలగొడతాయి కాబట్టి అది న్యాయమే. కానీ న్యాయం నీడనివ్వదు కదా.

‘‘నీళ్లయితే వస్తున్నయ్. అబద్ధమెందుకు ఆడాలె?’’ అన్నాడు బాపు. ‘‘మీ అమ్మ బిందె మోసుడు తప్పింది. గా రెండో గొట్టంల ఏమున్నదో నాకు ఎరుకలేదు. వేసేటప్పుడు అడిగితే, పెద్దాయనా, నీ బిడ్డ అమెరికాతోని మాట్లాడుతది అన్నడు జేసీబీ పిల్లగాడు.’’

నేను నవ్వా. బాపు నవ్వలేదు. అటువైపు, గెట్టు అవతల చేను వంక చూస్తున్నాడు. అది చిన్నబాపుది. ఆయన తోడబుట్టిన తమ్ముడిది. ఆ ఇద్దరూ మాట్లాడుకుని అప్పటికి తొమ్మిదేళ్లు.

మొదట సర్వే చేసినప్పుడు ఎర్ర జెండాలు రెండు చేన్ల మీదుగా పాతారట. పని మొదలయ్యేసరికి గీత మొత్తం మా వైపుకు జరిగింది. చెట్టు మాది పోయింది. చిన్నబాపు సర్వేవాళ్లతో ఏదో మాట్లాడి జరిపించాడని బాపు నమ్మకం. చిన్నబాపు ఎప్పుడూ వచ్చి కాదని చెప్పలేదు.

పంచాయతీ దాకా వచ్చి ఆగింది

మరునాడు ఊళ్లో కేబుల్ టీవీ నడిపే అన్నను కలిశా. ఈ మధ్యే ఫైబర్ కనెక్షన్లూ ఇస్తున్నాడు. నన్ను పంచాయతీ ఆఫీసుకు తీసుకెళ్లి గోడకున్న ఇనుప డబ్బా చూపించాడు. ‘‘ఇంతవరకు వచ్చింది చెల్లె. ఇక్కడి నుంచి ఇంటింటికీ గుంజుడే నా పని.’’

దేశమంతా ఇదే కథ. ఊరూరికీ ఫైబర్ అన్న పథకానికి కేంద్రం 2011 అక్టోబరులో పచ్చజెండా ఊపింది. తర్వాత దాని పేరు భారత్‌నెట్ అయింది. లక్ష్యం దాదాపు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలు. 2023 ఆగస్టులో ఈ పథకాన్ని మార్చి, రూ.1,39,579 కోట్లు కేటాయించారు. అడిగిన పల్లె ఇంటికి కనెక్షన్ ఇవ్వడం మీద దృష్టి పెట్టింది అప్పుడే. ఎందుకంటే పంచాయతీ గోడ మీద డబ్బా వచ్చినంత మాత్రాన ఇంట్లో వీడియో కదలదు.

ఇంటి దాకా ఎలా తేవాలన్న దానికి మన రెండు రాష్ట్రాలూ రెండు దారులు పట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో తవ్వకమే వద్దనుకుని కరెంటు స్తంభాల మీద ఫైబర్ వేలాడదీశారు. కోనసీమలోని మోరి అనే ఊరు 2016 డిసెంబరులోనే డిజిటల్ గ్రామంగా వార్తల్లోకెక్కింది. ఏడాది తర్వాత, 2017 డిసెంబరు 27న, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు రూ.149కే నెట్, టీవీ, ఫోన్ అన్నది అప్పట్లో పెద్ద ముచ్చట. స్తంభాల దారిలో ఖర్చు తక్కువ, వేగం ఎక్కువ. కానీ గాలివాన వచ్చి స్తంభం ఒరిగితే తీగా ఒరుగుతుంది. తెలంగాణ దారిలో తీగ భూమిలో భద్రం. కానీ పని నెమ్మది. ఇళ్లకు టీ-ఫైబర్ సేవలు ప్రయోగాత్మకంగా మొదలైంది 2024 డిసెంబరులో. సంగారెడ్డి జిల్లా సంగుపేట, పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ లాంటి కొన్ని ఊళ్లలో.

‘‘మా ఇంటికి ఎంతవుతుంది అన్నా?’’

ఆయన ఫోన్లో మ్యాప్ తీశాడు. పంచాయతీ నుంచి మా ఇంటికి 900 మీటర్లు. ఆఖరి స్తంభం చిన్నబాపు చేను ఈవల ఉంది. అక్కడి నుంచి నేరుగా గుంజితే మధ్యలో ఒక్క స్తంభం చాలు. అది చిన్నబాపు గెట్టు మీద పాతాలి. చుట్టూ రోడ్డు వెంట రావాలంటే ఆరు స్తంభాలు కావాలి.

‘‘ఆరు స్తంభాలంటే ఇప్పట్ల కాదు చెల్లె. ఒక్క ఇంటి కోసం నాకు గిట్టదు’’ అన్నాడు నిజాయితీగా.

‘‘మా చేను కిందే గొట్టం ఉంది కదా. అందులోంచి తీసుకోలేమా?’’

ఆయన నవ్వాడు. ‘‘అది హైవే లాంటిది. నడుమల దిగనియ్యరు. మండలం కాడ ఎక్కాలె, పంచాయతీ కాడ దిగాలె.’’

అదీ సంగతి. నెట్ మా కాళ్ల కింద నుంచే పోతోంది. మాకు అందాలంటే మాత్రం ఊరంతా తిరిగి రావాలి.

చట్టానికి అందని గెట్టు

ఆ రాత్రి డాబా మీద తూర్పు మూలలో నిలబడి చట్టాలు వెతికా. (పేజీ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది.)

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో పదో సెక్షన్ ఉంది. ఎవరి స్థలం మీదుగానైనా, కింద నుంచైనా టెలిగ్రాఫ్ తీగ వేసే అధికారం అది ఇచ్చింది. కానీ ఆ స్థలం మీద ప్రభుత్వానికి వచ్చేది వినియోగ హక్కు మాత్రమే అని కూడా రాసింది. అంటే మా వేప చెట్టును కొట్టించిన మాట నూట ముప్పై ఏళ్ల నాటిది! ఆ పాత చట్టం స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. తీగల దారి హక్కుపై కొత్త నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చాయి. ప్రభుత్వ స్థలమైతే దరఖాస్తు, అనుమతి. ప్రైవేటు భూమి అయితే ముందు యజమానితో ఒప్పందం చేసుకోవాలి. అది కుదరకపోతే, ప్రజాప్రయోజనం ఉందనుకుంటే ప్రభుత్వం జోక్యం చేసుకోవచ్చు.

ఊరికి నీళ్లిచ్చే పైపు కోసం రాష్ట్రం ఒక చట్టమే చేయగలదు. ఒక ఆడపిల్ల ఆఫీసు కాల్ కోసం ఒక్క స్తంభం పాతడానికి ఎవరు జోక్యం చేసుకుంటారు? చిన్నబాపును అడగాల్సిందే.

బాపుకు చెప్పలేదు. అమ్మకు చెప్పా. అమ్మ ఏమీ అనకుండా డబ్బాలో సకినాలు పెట్టి చేతికిచ్చింది.

చిన్నబాపు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. చిన్నమ్మ ‘‘రా బిడ్డా’’ అంటూ లోపలికెళ్లి చాయ్ పెట్టింది. విషయం చెప్పా.

‘‘మీ బాపు అడగమన్నడా?’’

‘‘లేదు. నేనే వచ్చిన.’’

‘‘ఆయనకు నోరు లేదా?’’

‘‘నోరున్నది. ఎడమ చెయ్యే లేస్తలేదు.’’

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. తప్పు మాట అన్నానేమో అనుకున్నా.

‘‘అందరూ నేనే జరిపించిన అనుకుంటరు’’ అన్నాడు చివరికి. ‘‘లే, చూపిస్త.’’

చేనులోకి తీసుకెళ్లి ఒక చోట గడ్డపారతో నేలను గీకాడు. రెండు అడుగుల లోతులో ‘ఠంగ్’మంది. ‘‘బండ. ఈడికెళ్లి ఆడి దాకా బండనే. మొదలు మా దిక్కే తవ్విండ్రు. జేసీబీ పన్ను విరిగింది. ఇది పగలగొట్టాలంటే చానా అవుతదని వాళ్లే గీత జరుపుకున్నరు. నేను జరపమన్ననా? మీ బాపు అడిగితే చెప్పకపోదునా? అడగలె. నేను పోయి చెప్పుడేందని నేనూ పోలె.’’

తొమ్మిదేళ్ల కోపం కింద రెండడుగుల్లో ఒక బండ!

వెనక్కి వస్తుంటే ఇంట్లోంచి నా చెల్లె గొంతు వినిపించింది. చిన్నబాపు కూతురు, ఎప్‌సెట్‌కి చదువుతోంది. ఫోన్‌ను కిటికీ ఊచల మధ్య ఇరికించి ఆన్‌లైన్ మాక్ టెస్ట్ రాస్తోంది. ‘‘అక్కా, నలభై క్వశ్చన్లు అయినంక లోడింగ్ అని తిరుగుతది. మళ్ల మొదటికెళ్లి రాయాలె’’ అంది. ఏడుపు ఆపుకుంటున్నట్టుంది మొహం.

చిన్నబాపు ఆ కిటికీ వైపు చూశాడు.

‘‘స్తంభం వేసుకోండ్రి. గెట్టు మీద, నాగలికి అడ్డం రాకుండ. మా ఇంటికి గూడ ఒక వైరు ఇయ్యమను’’ అన్నాడు.

రెండు ఇళ్లంటే కేబుల్ అన్నకు గిట్టుబాటయింది. నాలుగో రోజుకు స్తంభం లేచింది.

ఎర్ర లైటు, పచ్చ లైటు

ఫైబర్ కనెక్షన్ ఇవ్వడం ఎప్పుడైనా దగ్గరుండి చూశారా? చూడండి, బాగుంటుంది. గాజు పోగు వెంట్రుకంత సన్నగా ఉంటుంది. రెండు కొసల్నీ చిన్న మెషీన్లో పెడితే కరెంటు మెరుపుతో కరిగించి అతికిస్తుంది. తర్వాత మీటరు పెట్టి, ఎంత వెలుగు వస్తోందో కొలుస్తారు. మా ఇంట్లో మైనస్ 21 వచ్చింది. ‘‘మైనస్సా!’’ అని కంగారు పడ్డా. ‘‘మైనస్ 27 దాటకుంటే చాలు చెల్లె’’ అన్నాడు అన్న. సున్నాకు దగ్గరయ్యే కొద్దీ వెలుగు ఎక్కువన్నమాట. పంచాయతీ దగ్గర ఒక్క పోగును స్ప్లిటర్‌తో చాలా ఇళ్లకు పంచుతారు. పంచిన కొద్దీ, అతుకులు పెరిగిన కొద్దీ వెలుగు తగ్గుతుంది.

డబ్బా మీద ‘ఎల్ఓఎస్’ అన్న దగ్గర ఎర్ర లైటు మిణుకుతుంటే వెలుగు రావట్లేదని అర్థం. అది ఆరి పచ్చది నిలిస్తే నెట్ వచ్చినట్టు. అమ్మకు ఈ ఒక్కటి నేర్పా. చాలు.

అంతా సుఖాంతం అనుకోకండి. మూడో రోజు మధ్యాహ్నం టీమ్ కాల్‌లో ఉండగా ఎర్ర లైటు వచ్చింది. గడ్డి లోడుతో పోతున్న ట్రాక్టరు తీగను తెంపేసింది. ఫోన్ పట్టుకుని డాబా మీదికి పరుగెత్తా, తూర్పు మూలకు. ‘‘సర్, ట్రాక్టర్ వైర్ తెంపింది’’ అంటే అవతల అందరూ నవ్వారు. నాకు మాత్రం చెమటలు పట్టాయి. సాయంత్రానికి అతికించారు, ఈసారి మూడడుగులు ఎత్తుగా. రెండు వారాలయ్యాక టీమ్ లీడ్ మెయిల్ వచ్చింది. మూడు నెలలకు సరేనన్నారు. ఆ తర్వాత సంగతి ఆ తర్వాతే.

మీ ఊళ్లోనూ ఇదే పరిస్థితి ఉంటే ఒక మాట. ‘మా ఊరికి ఫైబర్ రాలేదు’ అని వదిలేయకండి. ముందు పంచాయతీ ఆఫీసుకు వెళ్లి గోడ మీద డబ్బా ఉందా, అందులో లైటు వెలుగుతోందా చూడండి. అక్కడి నుంచి ఇళ్లకు ఎవరు గుంజుతున్నారో కనుక్కోండి. ఒక్కరే అడిగితే గిట్టదంటారు. నలుగురు కలిసి అడగండి. ఆఖరి స్తంభం ఎవరి గెట్టు మీద పడుతుందో తెలుసుకుని, వాళ్లింటికి వెళ్లండి. పెద్ద గొట్టం దారి అసెంబ్లీలో తేలుతుంది. చిన్న తీగ దారి వాకిట్లో తేలుతుంది.

మొన్న ఆదివారం బాపుతో బండ సంగతి చెప్పా. విన్నాడు. ఏమీ అనలేదు. సాయంత్రం చిన్నబాపు గెట్టు మీదికొచ్చి స్తంభం కదిపి చూస్తున్నాడు, ఒరగలేదు కదా అని. బాపు అరుగు మీంచి లేచాడు. కర్ర పట్టుకుని, నేను పట్టుకోబోతే వద్దని, రాయి దాకా ఒక్కడే నడిచాడు.

‘‘బండ ఉన్నదని ఒక్క మాట చెప్పొద్దారా?’’ అన్నాడు.

‘‘నువ్వు అడిగినవా?’’ అన్నాడు చిన్నబాపు.

ఇంకేం మాట్లాడుకున్నారో వినలేదు. నాకు కాల్ ఉంది. లోపలికి వెళుతూ డబ్బా వంక చూశా. పచ్చ లైటే.